కాశీ పోయి కాశ్మీరు వచ్చిన రోడ్డు

ఆదిలాబాద్ పక్కనుంచి రాత్రింబవళ్లు లారీలు పోయే పెద్ద రోడ్డు ఎక్కడిదాకా ఉంటుందని పిల్లల్ని అడిగి చూడండి. నాగ్‌పూర్ అంటారు. పెద్దల్లో కూడా చాలామందికి ఆ రోడ్డు నాగ్‌పూర్‌తోనే అయిపోతుంది. నిజానికి అది కన్యాకుమారి నుంచి శ్రీనగర్ దాకా పోయే 44వ నంబరు జాతీయ రహదారి, దేశంలోకెల్లా పొడవైన రోడ్డు. ఏడో నంబరుగా ఉన్న రోజుల్లో వారణాసికి పోయేది. నంబర్లు మార్చినప్పుడు మనకు కాశీ పోయి కాశ్మీరు వచ్చింది. నిర్మల్, గుడిహత్నూర్, ఆదిలాబాద్ దాటి, పెన్‌గంగ వంతెన ఎక్కి, ఆ నంబరు బోర్డు వదలకుండా రెండు వేల పైచిలుకు కిలోమీటర్లు పోతే శ్రీనగర్. అక్కడి నుంచి మరో యాభై కిలోమీటర్లలో గుల్మార్గ్, మన దేశంలో స్కీయింగ్‌కు పెద్ద పేరున్న చోటు. కరీంనగర్ వాళ్లు జగిత్యాల, ఆర్మూర్ మీదుగా వచ్చి ఇదే రోడ్డు ఎక్కొచ్చు.

నాలుగైదు కుటుంబాలు కలిసి, చంకన ఒకరు, చేతికి ఒకరు పిల్లలతో సంక్రాంతి సెలవుల్లో మంచు చూసొద్దామన్న మాట ఇప్పుడు మన కాలనీల్లోనూ వినిపిస్తోంది. పోయేవాళ్లకు పనికొచ్చేవి, పోనివాళ్లకు కాలక్షేపమయ్యేవి కొన్ని విశేషాలు.

రగ్గు ఎక్కడిది, స్వెట్టరు ఎక్కడిది

మనం ఆ రోడ్డు మీద చలి దేశానికి ఎప్పుడు పోతామో గానీ, ఆ దేశపు సామాన్లు మాత్రం ఎన్నో ఏళ్లుగా మన ఇళ్లకు వస్తూనే ఉన్నాయి. చలికాలం రాగానే బీరువా మీదనుంచి దించే రగ్గులకు పేరున్న ఊరు హర్యానాలోని పానిపట్. యుద్ధాల పాఠంలో చదువుకున్న పానిపట్టే. పాత ఉన్ని బట్టలను చింపి, దారం తీసి, మళ్లీ నేసి చవక రగ్గులు తయారు చేయడంలో ఆ ఊరిది ప్రపంచంలోనే పెద్ద చెయ్యి. స్వెట్టర్లకు పంజాబ్‌లోని లూధియానా. ఈ రెండు ఊళ్లూ 44వ నంబరు రోడ్డు మీదే ఉన్నాయి.

నవంబరులో తెలుగు పట్టణాల ఫుట్‌పాత్‌ల మీద స్వెట్టర్ల దుకాణాలు పెట్టే వాళ్లను చాలామంది నేపాలీలనుకుంటారు. వాళ్లలో ఎక్కువమంది టిబెటన్లు. 1959 తర్వాత దేశానికి శరణార్థులుగా వచ్చిన కుటుంబాలకు కర్ణాటకలో బైలకుప్పె, ముండగోడు లాంటి చోట్ల భూములిచ్చారు. వ్యవసాయం లేని నాలుగు నెలలు లూధియానా సరుకు తెచ్చి ఊరూరా అమ్ముకోవడం వాళ్ల రెండో బతుకుతెరువు. మంచుకు పోయే ముందు బేరమాడి పిల్లలకు టోపీలు కొనుక్కునేది ఈ దుకాణాల్లోనే. ఆ బేరంలో కాస్త చెయ్యి వదులు చేస్తే తప్పులేదు.

చలి మనకు కొత్తా?

కాదు. తెలంగాణలో చలి వార్త వచ్చిందంటే పేపర్లో ముందు కనిపించే పేర్లు కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలోని గిన్నెధరి, సిర్పూర్(యూ). అక్కడ కొన్ని చలికాలాల్లో ఉష్ణోగ్రత 5 డిగ్రీల లోపుకు పడిపోయింది. అదే జిల్లాలో మే నెలలో 45 దాటుతుంది. ఒకే ఊళ్లో ఏడాదిలో నలభై డిగ్రీల తేడా చూసిన మనిషికి చలి గురించి మనాలీ వాళ్లు కొత్తగా నేర్పేదేమీ లేదనిపిస్తుంది. ఉంది. ఆదిలాబాద్ చలి తెల్లవారుజామున వచ్చి పది గంటలకు పోయే చలి. పొడి చలి. నెగడు వేసుకుంటే సరిపోతుంది. మంచు మీది చలి బట్టల్లోకి తడిగా దిగుతుంది, పగలంతా ఉంటుంది.

మరి 5 డిగ్రీలకు పడిపోయినా మన దగ్గర మంచు ఎందుకు కురవదు? ఎత్తు లేదు కాబట్టి. ఆదిలాబాద్, కరీంనగర్ రెండూ సముద్ర మట్టానికి సుమారు 260 మీటర్ల ఎత్తులో ఉన్నాయి. గుల్మార్గ్ 2,650 మీటర్లు. ప్రతి వెయ్యి మీటర్లకు గాలి సగటున ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది. కాబట్టి ఆదిలాబాద్‌ను ఉన్నపళంగా లేపి గుల్మార్గ్ ఎత్తున పెడితే, ఏమీ చేయకుండానే పదిహేను డిగ్రీలు తగ్గిపోతుంది. దానికి తోడు చలికాలంలో పడమటి నుంచి వచ్చే తేమ గాలులు హిమాలయాలను తాకి మంచు కురిపిస్తాయి. ఆ గాలుల తాకిడి మనదాకా వస్తే ఓ మబ్బు, ఓ ముసురు. అంతకుమించి ఉండదు.

మనకు ఆకాశం నుంచి గడ్డకట్టిన నీళ్లు పడేది చలికాలంలో కంటే మార్చి, ఏప్రిల్ నెలల్లోనే ఎక్కువ, వడగళ్ల రూపంలో. వేడెక్కిన నేల మీదనుంచి గాలి ఎంత జోరుగా పైకి లేస్తే మబ్బులో నీటి చుక్కలు అంత పైకి కొట్టుకుపోయి గడ్డకడతాయి. అందుకే ఎండలు ముదిరే వేళలోనే రాళ్లవాన. జగిత్యాల మామిడి రైతుకు అది గుండె పగిలే దృశ్యం. పిల్లలకు మాత్రం గిలాస పట్టుకుని వాకిట్లోకి ఉరికే పండగ.

పత్తి దేశం వాళ్లు పత్తిని ఇంట్లో పెట్టి పోవాలి

ఇది ఆదిలాబాద్ వాళ్లకు మింగుడుపడని విశేషం. నల్లరేగడి, తెల్లబంగారం, మార్కెట్ యార్డు నిండా పత్తి బండ్లు: జిల్లా పేరు చెబితేనే పత్తి గుర్తొస్తుంది. కానీ మంచులో ఒంటికి అంటుకుని ఉండే బట్ట నూలుది కాకూడదు. నూలు చెమటను, తడిని పీల్చి తనలోనే ఉంచుకుంటుంది. తడిసిన నూలు బనీను ఒంట్లోని వేడిని బయటికి లాగేస్తుంది. మంచులో ఆడే పిల్లలు పది నిమిషాల్లో చెమటపడతారు, ఆట ఆపిన మరుక్షణం వణుకుతారు. లోపల సింథటిక్ లేదా ఉన్ని థర్మల్, మధ్యలో ఉన్ని, పైన నీళ్లు దిగని కోటు. అన్నిచోట్లా చెప్పే మూడు పొరల లెక్క ఇదే. పెద్దలు ఒక మందపాటి స్వెట్టరుతో సరిపెట్టుకుంటామంటే, రెండు పలచటివి దానికంటే మేలు. వేడిని ఆపేది బట్ట కాదు, పొరల మధ్య చిక్కుకున్న గాలి.

ఉన్ని అంటే మనకు గొంగడి ఉండనే ఉంది. దక్కనీ గొర్రె బొచ్చు కత్తిరించి, ఏకి, వడికి, గుంత మగ్గం మీద కురుమల ఇళ్లలో నేసిన నల్ల గొంగడిని పశువుల కాపరులు వానలో నెత్తిమీదుగా కప్పుకుని గంటల తరబడి నిలబడతారు. గొర్రె ఉన్నిలో సహజంగా ఉండే జిడ్డు నీటిని తేలిగ్గా లోపలికి పోనివ్వదు. పడుగు దారం గట్టిగా నిలవడానికి పెట్టే గంజి దేనిదో తెలుసా? చింతగింజలది. గింజలు వేయించి, పొట్టు తీసి, పిండిచేసి ఉడకబెడతారు. తడిసినా వెచ్చగా ఉంచడం ఉన్ని గుణం. వేలకు వేలు పోసి కొనే స్కీ జాకెట్ల ప్రకటనల్లో గొప్పగా రాసుకునే గుణాల్లో సగం కాపరి భుజం మీది గొంగడిలో ఉన్నాయి. మిగతా సగం లేవు. అది బరువు, గుచ్చుకుంటుంది, జిప్పు లేదు. పిల్లలకు తొడగలేం. కానీ రాత్రి రైల్లో నలుగురు పిల్లల మీద ఒక్క గొంగడి కప్పితే తెల్లారేదాకా ఎవరూ లేవరు.

అద్దె కోటు పరీక్ష

మనాలీ నుంచి సోలాంగ్ పోయే దారిలో వరుసగా కోట్లు, గమ్‌బూట్లు అద్దెకిచ్చే దుకాణాలుంటాయి. ఒక్కో దానికి ఒక్కో నంబరు. డ్రైవరు తనకు తెలిసిన నంబరు దగ్గరే ఆపుతాడు, అది వేరే కథ. పదిహేను మంది ఒకేసారి దిగితే పిల్లల సైజులు ముందు అయిపోతాయి. కోటు రంగు చూడకండి. చెయ్యి గ్లౌజు లోపలికి పెట్టి వేళ్ల చివర తడి ఉందేమో చూడండి. నిన్న తడిసింది ఇవాళ్టికి ఆరదు. జిప్పు మెడదాకా పోతుందా, బూటు పైభాగం ప్యాంటు లోపలికి వస్తుందా అన్నవి చూసుకుంటే చాలు. మంచు ముందు దూరేది ఆ సందులోంచే. సినిమా పాటలో హీరోయిన్ పలచటి చీర కట్టుకుని మంచులో ఎలా ఎగిరిందని మీ పిల్లలు అడిగితే, షాట్ కట్ చేయగానే కోటు తెచ్చి కప్పడానికి పక్కనే మనుషులుంటారని చెప్పండి.

ఎండ దెబ్బ, అదీ మంచులో

ఎండ అంటే రామగుండానిదే అనుకునే వాళ్లం మనం. కొత్తగా పడిన మంచు అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం వరకు తిరిగి పైకి కొడుతుంది. పైగా ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకు ఆ కిరణాల జోరు సుమారు పది శాతం పెరుగుతుంది. అందుకే మంచులో ముఖం మాడేది పైనుంచి మాత్రమే కాదు, కిందినుంచి కూడా: గడ్డం కింద, ముక్కు రంధ్రాల అంచున. సన్‌స్క్రీన్ అక్కడ రాయడం ఎవరికీ గుర్తురాదు. నల్ల కళ్లద్దాలు ఫొటో కోసం కాదు, ముఖ్యంగా పిల్లలకు. పగలంతా అద్దాలు లేకుండా ఆడిన పిల్లాడు రాత్రి కళ్లలో ఇసుక పడ్డట్టుందని ఏడిస్తే అది మంచు గుడ్డితనం మొదలు. ఒకట్రెండు రోజుల్లో తగ్గుతుంది గానీ ఆ రాత్రి మాత్రం కుటుంబాలన్నిటికీ జాగారమే.

నాగోబాకు పోయే కుటుంబాలు

చలికాలంలో చాలా కుటుంబాలు పిల్లాజెల్లాతో కలిసి కదలడం మన జిల్లాలకు టూరు ప్యాకేజీలు వచ్చాక వచ్చిన అలవాటు కాదు. పుష్య మాసంలో, సరిగ్గా ఆదిలాబాద్ చలి ఎముకలు కొరికే రోజుల్లో, గోండుల్లోని మెస్రం వంశీయులు ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో నాగోబా జాతర చేస్తారు. ముందుగా కొందరు కాలినడకన జన్నారం మండలం కలమడుగు దగ్గరి హస్తినమడుగుకు పోయి గోదావరి నీళ్లు తెస్తారు. తిరుగు ప్రయాణంలో ఇంద్రవెల్లిలో ఇంద్రాదేవికి పూజ చేసి, కేస్లాపూర్ మర్రిచెట్ల కింద మకాం వేస్తారు. మిగతా కుటుంబాలు ఎడ్లబండ్ల మీద, ఈమధ్య ట్రాక్టర్లు, జీపుల మీద అక్కడికి చేరతాయి. ముసలివాళ్లు, చంటిపిల్లలు, కొత్త కోడళ్లు అందరూ. తెల్ల చీరలు కట్టుకున్న కొత్త కోడళ్లను దేవుడికి, వంశ పెద్దలకు పరిచయం చేసే తంతును భేటింగ్ అంటారు. పుష్య అమావాస్య రాత్రి మహాపూజ.

నలుగురు మిత్రుల కుటుంబాలు కలిసి టూరుకు పోతేనే రెండో రోజుకు వంట దగ్గర మాటా మాటా వస్తుంది. కేస్లాపూర్‌లో ఎన్ని వందల మెస్రం కుటుంబాలు వచ్చినా గుడి పక్కన గోడ కట్టిన ఆవరణలో వంటకు పొయ్యిలు 22 మాత్రమే. వంశంలోని శాఖలను బట్టి వంతులు. ఒకరి వంట అయ్యాక ఇంకొకరు. నా పొయ్యి, నీ పొయ్యి అన్న మాట లేదు. పూజకు కావలసిన కొత్త కుండలు సిరికొండ కుమ్మరుల దగ్గర ముందే చెప్పి చేయిస్తారు. టూరు నిర్వాహకులు ఇక్కడికి వచ్చి ఓ రోజు చూసిపోతే బాగుంటుంది.

ఈ జాతరలో గోండుల గోడు అధికారులు వినే దర్బారు 1942లో మొదలైంది. 1940లో జోడేఘాట్‌లో కుమురం భీం నేలకొరిగాక, గోండుల కష్టాలేమిటో తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం పిలిపించిన మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ పెట్టించినది అది. ఆయన పుట్టింది ఆస్ట్రియాలో, స్కీయింగ్‌కు పెట్టింది పేరైన దేశంలో. ఆల్ప్స్ మంచు దేశం మనిషి వచ్చి మార్లవాయి గుడిసెలో కాపురం పెట్టి ఆదిలాబాద్ చలి కాచుకున్నాడు.

పప్పు ఉడకదు, అన్నం దొరుకుతుంది

ఉత్తరాది యాత్రలకు వంటమనిషిని, బియ్యాన్ని, ఆవకాయ జాడీని వెంట తీసుకుపోయే తెలుగు బృందాలకు ఓ హెచ్చరిక. ఎత్తు పెరిగేకొద్దీ నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి, దాదాపు ప్రతి 300 మీటర్లకు ఒక డిగ్రీ చొప్పున. గుల్మార్గ్‌లో 91 డిగ్రీల దగ్గరే నీళ్లు కుతకుతలాడతాయి. చూడ్డానికి మరుగుతున్నట్టే ఉంటుంది, కందిపప్పు మాత్రం పలుకు పలుకుగానే ఉండిపోతుంది. ఎంత మంట పెట్టినా అంతే. ప్రెషర్ కుక్కర్ ఒక్కటే మందు. వంటమనిషి మీద కేకలేసే ముందు ఈ సంగతి గుర్తుంటే మంచిది.

శుభవార్త కూడా ఉంది. నాగ్‌పూర్ దాటాక పంజాబ్ అంచుదాకా దాబాల్లో రొట్టె రాజ్యమే. పీర్ పంజాల్ కొండలు దాటి కాశ్మీరు లోయలోకి దిగితే మళ్లీ అన్నం. కాశ్మీరీలు రోజూ తినేది వరి అన్నమే. దాంట్లోకి హాక్ అనే ఆకుకూర. మన పాలకూర పప్పుకు అలవాటుపడ్డ పిల్లలు పెద్దగా పేచీ పెట్టరు.

దారి తిండికి మాత్రం సకినాలను మించింది లేదు. బియ్యప్పిండి, నువ్వులు, వాము. నీటి తడి తక్కువ కాబట్టి పది రోజులైనా చెక్కు చెదరవు. సంక్రాంతికి ఎలాగూ చేస్తారు, సెలవులూ అప్పుడే. ఇంతకంటే కలిసొచ్చే ముహూర్తం ఉండదు. రైలు కుదుపులకు విరిగిన సకినాలనే పిల్లలు ముందు తింటారు, అందుకని డబ్బా మరీ జాగ్రత్తగా సర్దనక్కర్లేదు.

మూడేళ్ల పిల్లాడు స్కీయింగ్ చేస్తాడా?

చేస్తాడు. ఐరోపాలో స్కీ బడులు మూడు, నాలుగేళ్ల పిల్లలను కూడా చేర్చుకుంటాయి. నేలకు దగ్గరగా ఉంటారు, పడితే దెబ్బ తక్కువ, భయం అంతకంటే తక్కువ. నేర్చుకోవడంలో నాన్నలే వెనకబడతారు. అమెరికాలో చిన్నపిల్లలకు పంతుళ్లు వాడే మాటలు రెండు: పిజ్జా, ఫ్రెంచ్ ఫ్రైస్. స్కీల ముందు కొనలు దగ్గరికి తెచ్చి త్రికోణం చేస్తే పిజ్జా ముక్క, వేగం తగ్గుతుంది. రెండూ సమాంతరంగా పెడితే ఫ్రైస్, దూసుకుపోతారు. మన పిల్లలకు చెప్పాలంటే పిజ్జా బదులు గిన్నెలోంచి కోసి తీసిన సర్వపిండి ముక్క అనొచ్చు.

బూటును స్కీకి బిగించే పట్టీ, మనిషి పడగానే ఊడిపోయేలా చేస్తారు. అది ఎంత బిగువుగా ఉండాలన్నది మనిషి బరువు, ఎత్తు, వయసు, నేర్పు చూసి లెక్కగడతారు. రైల్లో అర టికెట్ కోసం పిల్లాడి వయసు ఒకటి తగ్గించి చెప్పే అలవాటు కొందరికి ఉంటుంది. పెద్దవాళ్లకు బరువు తగ్గించి చెప్పే సిగ్గు ఉంటుంది. స్కీలు అద్దెకు తీసుకునే చోట ఈ రెండూ పనికిరావు. తప్పు లెక్కతో బిగిస్తే ఊడాల్సినప్పుడు ఊడదు, కాలు మెలితిరుగుతుంది. హెల్మెట్ సంగతి చెప్పనే అక్కర్లేదు.

గుల్మార్గ్‌లో కేంద్ర పర్యాటక శాఖ కింద స్కీయింగ్, పర్వతారోహణ నేర్పే సంస్థ ఉంది. మనాలీలోని పర్వతారోహణ సంస్థ సోలాంగ్‌లో స్కీ కోర్సులు నడుపుతుంది. ఇవేవీ కుదరకపోతే చెక్క స్లెడ్జి ఎక్కించి లాగేవాళ్లు ఎలాగూ ఉంటారు. బేరం ముందే తేల్చుకోండి.

ఎత్తు మాట కాస్త వినండి

గుల్మార్గ్‌లో తీగల మీద కొండెక్కే గొండోలాలో ఒక్కో డబ్బాకు ఆరుగురు. మొదటి దశ 1998లో, రెండో దశ 2005లో మొదలయ్యాయి. రెండో దశ చివర అఫర్వాట్ కొండ మీద ఎత్తు సుమారు 3,950 మీటర్లు. అక్కడ ఒక్కో శ్వాసకు అందే ఆక్సిజన్ సముద్ర మట్టం దగ్గర అందేదాంట్లో మూడింట రెండొంతుల కన్నా తక్కువ. పెద్దవాడికి తలనొప్పి వస్తే చెబుతాడు. రెండేళ్ల బిడ్డ చెప్పదు. తిండి ముట్టదు, ఊరికే ఏడుస్తుంది, ఆడే పిల్ల ఒళ్లో ముడుచుకుంటుంది. చలికి అలా ఉందనుకుని ఇంకో స్వెట్టరు తొడుగుతాం. అప్పుడు ముందు చేయాల్సింది కిందికి దిగడం. 260 మీటర్ల ఊరి నుంచి విమానంలో దిగి మర్నాడే అఫర్వాట్ ఎక్కే కంటే, ఓ రోజు శ్రీనగర్‌లో, ఓ రోజు గుల్మార్గ్‌లో ఊరికే ఉండటం మేలు. నాలుగు కుటుంబాల్లో ఒక జంట కింద చంటిపిల్లలతో ఉండి మిగతావాళ్లు పోయి రావడం, తర్వాత వంతు మారడం: కలిసి పోవడంలో అసలు సుఖం ఇదే.

పులి కింద, కారు పైన

రోడ్డున పోయేవాళ్లకు పిల్లల్ని నిద్రలేపి చూపించాల్సిన చోట్లు కొన్ని. నాగ్‌పూర్ దాటాక పెంచ్ అడవిలో రోడ్డును స్తంభాల మీద పైకి లేపి, కింద జంతువులకు దారి వదిలారు. ఆ దారుల్లో పులులు నడిచిపోవడం కెమెరాల్లో చిక్కింది. ఉధంపూర్ తర్వాత చెనాని–నాష్రి సొరంగం తొమ్మిది కిలోమీటర్ల పైన ఉంటుంది, 2017లో తెరిచారు. బనిహాల్–కాజీగుండ్ సొరంగం దాదాపు ఎనిమిదిన్నర కిలోమీటర్లు. దాని ఈ వైపు ఎండ, ఆ వైపు మంచు ఉన్న రోజులు చాలానే. అంబాలా దగ్గర దారి మారి మనాలీ పోయేవాళ్లకు రోహ్‌తాంగ్ కింద 2020లో తెరిచిన అటల్ సొరంగం ఉంది, తొమ్మిది కిలోమీటర్లు.

రైలు దారిలో ఓ తెలుగు పేరు వినాలి. చీనాబ్ నది మీద 359 మీటర్ల ఎత్తున కట్టిన వంతెనను 2025 జూన్‌లో ప్రారంభించారు. ప్రపంచంలోకెల్లా ఎత్తైన రైలు వంతెన అది. ముక్కలు ముక్కలుగా పగిలిన కొండవాలు మీద ఆ వంతెన పునాదులు నిలబెట్టడంలో పదిహేడేళ్లు సలహాదారుగా పనిచేసిన ప్రొఫెసర్ జి. మాధవీలత ప్రకాశం జిల్లా బిడ్డ. ఎం.టెక్ చదివింది మన పక్కనే, వరంగల్‌లో. ఆ వంతెన దాటుతున్నప్పుడు ఈ మాట చెబితే డబ్బాలోని ఆడపిల్లలు కిటికీ వైపు ఇంకాస్త జరుగుతారు.

పద్నాలుగు నిండకుండానే

మంచు పిల్లల వల్ల కాదనే వాళ్లకు ఒకే పేరు చెప్పొచ్చు. ఉమ్మడి నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ, కూలి పని చేసుకునే తల్లిదండ్రుల బిడ్డ, సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థిని. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. అప్పటికి వయసు పదమూడేళ్ల పదకొండు నెలలు. ఆ శిఖరం ఎక్కిన ఆడపిల్లల్లో అంత చిన్నది అంతకుముందు లేదు. వెంట ఖమ్మం జిల్లా పిల్లాడు సాధనపల్లి ఆనంద్ కుమార్. మొదటి పాఠాలు మన భువనగిరి బండ మీదే. పదహారేళ్లు నిండనివాళ్లను నేపాల్ ఎక్కనివ్వదు కాబట్టి కష్టమైన టిబెట్ వైపు నుంచి ఎక్కారు. వారం తిరిగేసరికి తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది. 2022 నాటికి పూర్ణ ఏడు ఖండాల్లోని ఎత్తైన శిఖరాలన్నీ ఎక్కేసింది.

స్కీయింగ్‌లో మన దేశం కథ చిన్నదే. చలికాలపు ఒలింపిక్స్‌లో భారత్ తరఫున మొదట దిగింది 1964లో జెరెమీ బుజకోవ్‌స్కీ, పోలండ్‌లో పుట్టినవాడు. 2018లో మనాలీ పిల్ల ఆంచల్ ఠాకూర్ టర్కీలో కాంస్యం గెలిచి, స్కీయింగ్‌లో అంతర్జాతీయ పతకం తెచ్చిన తొలి భారతీయురాలైంది. 2022 బీజింగ్‌లో మన తరఫున ఒకే ఒక్క క్రీడాకారుడిగా జెండా పట్టుకుని నడిచిన ఆరిఫ్ ఖాన్ గుల్మార్గ్ వాలుల మీద పెరిగినవాడే.

ఎడారిలో స్కీ వాలు

కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల పల్లెల్లో స్కీయింగ్ మాట ముందుగా వినిపించేది కాశ్మీరు నుంచి కాకపోవచ్చు, దుబాయ్ నుంచి కావచ్చు. గల్ఫ్‌కు పోయిన మనుషులు లేని ఊరు ఈ వైపు అరుదు. దుబాయ్‌లో ఓ మాల్ లోపల 2005లో తెరిచిన స్కీ హాలులో ఏడాది పొడుగునా కృత్రిమ మంచు, లోపల సున్నాకు దిగువన చలి, బయట యాభైకి చేరువలో ఎండ. ఆ ఎండలో పనిచేసేవాళ్లకు ఆ టికెట్ కొనడం తేలికేమీ కాదు. కానీ సెలవు రోజున మాల్‌లో అద్దాల అవతల నిలబడి చూడటానికి టికెట్ అక్కర్లేదు. హైదరాబాద్‌లో 2004లో మొదలైన స్నో వరల్డ్ కూడా ఇలాంటిదే, చిన్నది. చాలామంది బడిపిల్లలు విహారయాత్రలో మొదటి మంచు ముద్ద పట్టుకున్నది అక్కడే.

మనం అటు, అవి ఇటు

కుటుంబాలతో హిమాలయాలు దాటేది మనుషులే కాదు. తల మీద రెండు నల్ల చారలుండే బాతులు టిబెట్, మంగోలియాల నుంచి చలికాలానికి దక్షిణాదికి వస్తాయి, మన మంజీర వైపు కూడా. హిమాలయాలు దాటేటప్పుడు 7,000 మీటర్ల పైన ఎగిరినట్టు పరికరాలు కట్టి తేల్చారు. ఆ ఏడాది పుట్టిన పిల్లలు తల్లిదండ్రుల వెంటే ఎగిరి దారి నేర్చుకుంటాయి. టికెట్ల గొడవ లేదు.

టికెట్ల గొడవ

మనకు ఉంది. కాజీపేట–బల్లార్షా లైను 1929లో పూర్తయినప్పుడు ఢిల్లీకీ మద్రాసుకూ నేరుగా దారి పడింది. ఆ లైను మీదే రామగుండం, కాగజ్‌నగర్. ఒకప్పటి ఏపీ ఎక్స్‌ప్రెస్, ఇప్పటి తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఇక్కడ ఆగి ఢిల్లీ పోతుంది. జమ్మూ వైపు పోయే రైళ్లూ ఈ లైను మీద ఉన్నాయి.

ఎప్పుడు పోవాలి? కాశ్మీరులో డిసెంబరు 21 నుంచి నలభై రోజులు చిల్లై కలాన్, గట్టి చలి. తర్వాత ఇరవై రోజులు చిల్లై ఖుర్ద్, ఆపైన పది రోజులు చిల్లై బచ్చా. సంక్రాంతి సెలవులు సరిగ్గా మొదటి దాంట్లో పడతాయి. అలాగని మంచు ఖాయమనుకోవద్దు. 2024 జనవరిలో చాలా రోజులు గుల్మార్గ్ వాలులు గడ్డి నేలగానే ఉన్నాయి, పోయినవాళ్లు గుర్రాలెక్కి తిరిగొచ్చారు. మంచు పడిన రోజుల్లోనేమో కొండ కింది టంగ్‌మర్గ్ నుంచి పైకి చెయిన్లు కట్టిన బండ్లనే వదులుతారు. అక్కడ సామాన్లన్నీ దించి బండి మారాలి. అంచేత పెద్ద సూట్‌కేసు ఒకటి కంటే చిన్న సంచులు నాలుగు నయం.

2024 నవంబరు నుంచి రిజర్వేషను 60 రోజుల ముందే తెరుచుకుంటోంది, అంతకుముందు 120 రోజులు. ఒక్కో టికెట్ మీద ఆరుగురికి మించి ఎక్కించలేం. నాలుగు కుటుంబాలు పదిహేను మంది అంటే మూడు టికెట్లు, మూడు ఫోన్లు, ఉదయం ఎనిమిది గంటలకు ముగ్గురు ఒకేసారి వేళ్లు సిద్ధంగా పెట్టుకుని కూర్చోవాలి. అయిదేళ్ల లోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదు, బెర్తు ఉండదు. అయిదు నుంచి పన్నెండేళ్ల లోపు వాళ్లకు బెర్తు వద్దంటే సగం ఛార్జీ, కావాలంటే 2016 నుంచి పూర్తి ఛార్జీ. రెండు రాత్రుల ప్రయాణం, జనవరి చలి, ఎనిమిదేళ్ల పిల్లాడు: అర టికెట్ మిగుల్చుకుని వాడిని మీ బెర్తులో పడుకోబెట్టుకుంటారో, పూర్తి డబ్బు కట్టి మీరు కాళ్లు చాపుకుంటారో నవంబరులోనే తేల్చుకోండి.